ఈగల వంటిల్లు

మా ఇంట్లో వంట ఆయనది. నేను వండేది ఈగలకు.

ఎగతాళి కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద మా ల్యాబ్ ఉంది. అరటిపండు కాస్త మగ్గితే చాలు, ఎక్కడినుంచో వచ్చి ముసురుకునే చిన్న ఈగలు ఉంటాయి చూడండి, ఎర్ర కళ్ళవి, వాటిని మేము గాజు సీసాల్లో పెంచుతాం. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి కాస్త అగర్ వేసి పెద్ద గిన్నెలో జావ కాచి, సీసాల్లో పోసి, గడ్డకట్టాక దూది మూతలు పెడతాం. వాటి మేత అదే. ముప్ఫై ఏళ్ళుగా కాస్తున్నాను, ఒక్క ఈగ కూడా వంక పెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఈ మాటే గొప్పగా చెప్పుకుంటే మా ఆయన, "వాటికి మాటలొస్తే కదుటే" అన్నారు.

ఆయన పేరు గంటి సోమయాజులు. కోనసీమ నుంచి వచ్చి విశాఖలో స్థిరపడిన వంట మాస్టారు. పెళ్ళిళ్ళకు, ఒడుగులకు, గృహప్రవేశాలకు వండుతారు. సైన్సు చదివిన పిల్ల వంటాయన్ని చేసుకోవడమేమిటని మా వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. జరిగింది ఇదీ. మా యూనివర్సిటీలో ఏదో సదస్సుకు ఈయన భోజనాలు వండారు. దప్పళం ఎంత బాగా కుదిరిందంటే, ఉప్పు ఎవరు చూశారో అడుగుదామని నేను వంటశాలలోకి వెళ్ళాను.

"ఎవరూ చూడలేదండి. వడ్డించకముందు ఎంగిలి చెయ్యం. వాసన పట్టి వేస్తాను" అన్నారు.

"ఉప్పుకు వాసనేమిటండీ? ఉప్పుకు వాసన లేదు."

"ఉప్పుకి లేదండి. ఉప్పు పడ్డ పులుసుకి ఉంటుంది."

నేను ఊరుకుంటానా? మర్నాడు మూడు గిన్నెల్లో మూడు పాళ్ళ ఉప్పు వేసిన పులుసు పెట్టి, ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి పరీక్ష పెట్టాను. రెండు సరిగ్గా చెప్పారు, మూడోది తప్పారు. మూడూ చెప్పి ఉంటే ఇందులో ఏదో కిటుకుందని వదిలేసి పోయేదాన్ని. ఒకటి తప్పారు కాబట్టే నమ్మి పెళ్ళి చేసుకున్నాను.

ఏటా ఉగాదికి ఆయన పచ్చడి కలిపి స్టీలు డబ్బాలో పోసి నా చేతికిచ్చేవారు. "ల్యాబ్‌లో పిల్లలకి పెట్టు. ఆ ఈగలకీ ఓ చెంచాడు వెయ్యి" అనేవారు.

"ఈగలకు ఉగాదేమిటండీ?"

"ఏడాది పొడుగునా మనకి తిండి పెట్టేవి అవి కావుటే? పండగ పూట వాటిని పస్తుంచుతావా?"

నా ప్రయోగాల సీసాల్లో మాత్రం చచ్చినా వేయనిచ్చేదాన్ని కాదు. పారేయాల్సిన పాత సీసాలు రెండో మూడో పక్కన పెట్టి వాటిలో తలో చెంచా వేసేవాళ్ళం. అలా అది మా ల్యాబ్‌లో ఆచారమైపోయింది. బయటి దేశాల నుంచి వచ్చిన ప్రొఫెసర్లకు చెబితే నవ్వేవారు. నవ్వితే నవ్వారు, మా ఈగలు మా ఇష్టం.

*

ఒక వానాకాలం ఊరంతా విషజ్వరాలు పట్టాయి. ఆయనకూ వచ్చింది, తగ్గింది. పోతూ పోతూ ఆయనకు వాసన తెలిసే శక్తిని పట్టుకుపోయింది. జలుబు దిగితే వస్తుందిలే అనుకున్నాం. జలుబు దిగింది, వాసన రాలేదు. నాకు తప్ప ఎవరికీ ఆ సంగతి చెప్పలేదాయన. భీమిలిలో ఒక పెళ్ళి అప్పటికే ఒప్పుకుని ఉన్నారు.

"మానేస్తే సరి కదండీ" అన్నాను.

"మాటిచ్చానే. చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి ఇది. కళ్ళు మూసుకుని వండుతాను" అన్నారు.

కళ్ళు మూసుకుని వండగలరు, నాకూ తెలుసు. ముక్కు మూసుకుని ఆయన ఏనాడూ వండలేదు.

భయంతో నేనూ ఆ పెళ్ళికి వెళ్ళాను. గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో దప్పళం ఉడుకుతోంది. ఆయన దానికి వీపు పెట్టి బూరెలు వేస్తున్నారు. ఆయన కుడిభుజం అప్పలనాయుడు విస్తళ్ళ పని మీద అటు పోయాడు. పందిట్లో కూర్చున్న నాకు మాడు వాసన తగిలింది. పక్కనున్న పెద్దావిడ కొంగు ముక్కుకు పెట్టుకుంది. నేను లేచి వెళ్ళేసరికే అప్పలనాయుడు పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, అడుగంటేసినాది. పందిరంతా మాడు కంపు కొట్టేస్తంది, తమరికి తెలీట్నేదేటి?"

ఆయన వెనక్కి తిరిగారు. గుండిగ వైపు చూశారు, అప్పలనాయుడి ముఖం చూశారు, నా ముఖం చూశారు. చేతిలో చిల్లుల గరిటెతో అలాగే నిలబడిపోయారు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఏమీ అనలేదు. ఆడపిల్ల పెళ్ళి, నలుగురి ఎదుట ఏమంటాడు పాపం. ఆ అనకపోవడమే మాకు ఎక్కువైంది.

ఇంటికొచ్చాక భుజం మీది తువ్వాలు తీసి మేకుకు తగిలించారు. "ఓ ఆడపిల్ల పెళ్ళి భోజనంలో మాడు పెట్టానే త్రిపురా. ఇక నేను పొయ్యి ముట్టుకోను" అన్నారు. మళ్ళీ తనంతట తనకు వాసన తెలిసేదాకా గరిటె పట్టనని ఒట్టు పెట్టుకున్నారు.

అప్పలనాయుడు వారం రోజులు ఇంటి చుట్టూ తిరిగాడు. "ఓ సుక్క నాలిక మీద ఏసుకుంటే ఏటవుద్ది మాస్టారూ? ఎవుడు సూత్తాడు?" అన్నాడు.

"నేను చూస్తానురా" అన్నారాయన.

ఎంగిలి సంగతి అలా ఉంచండి, రుచి చూసినా లాభం లేదు. ముక్కు పనిచేయనప్పుడు నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, కారం తెలుస్తాయే గానీ ఇంగువకూ ఇసకకూ తేడా తెలియదు. వాళ్ళ నాన్నగారు గరిటె చేతికిచ్చిన నాటినుంచి ఆ మనిషికి వంటే బతుకు. ఇప్పుడు వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే ఆటోలు చూసేవారు. నేను వండిన అన్నం మాట్లాడకుండా తినేవారు. ఆయన నా వంటకు వంక పెట్టకపోవడం చూసి నాకు ఏడుపొచ్చేది.

ఒక్క వాసన మాత్రం మిగిలింది. మా మామగారు ముక్కుపొడి వేసేవారు. ఆయన పోయాక ఆ ఇత్తడి డబ్బా ఈయన దగ్గరుంది. ఒక సాయంత్రం ఏదో వెతుకుతూ దాని మూత తీసి కొయ్యబారిపోయారు.

"త్రిపురా, ఇది తెలుస్తోందే."

"ఘాటేమోనండీ, ముక్కు మండుతుంది కదా."

"కాదే, వాసనే. నాన్న పక్కన కూచున్నట్టుంది."

జ్వరానికి తట్టుకుని మిగిలిన ఏ నాలుగు కణాలో ఆ ఒక్కదాన్ని పట్టుకున్నాయి. అప్పటినుంచి రోజూ సాయంత్రం మూత తీసి ఒకసారి పీల్చి, మళ్ళీ మూత పెట్టేవారు. అంతే, ఆ పూటకు ఆయన భోగం.

*

ఆ మరుసటి ఉగాదికి ఆయన అలవాటు ప్రకారం పచ్చడి కలిపారు. అది పొయ్యి మీద వంట కాదు కాబట్టి ఒట్టు అడ్డం రాలేదు. వేప్పువ్వు వేశారు, చాలలేదనిపించి ఇంకా వేశారు, వాసన రాక మరో గుప్పెడు వేశారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆపడానికి నోరు రాలేదు.

ల్యాబ్‌లో పిల్లలు నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తెచ్చుకున్నారు. మింగి "బాగుంది మేడం" అన్నారు. రెండో చెంచా ఎవరూ అడగలేదు. మా రీసెర్చి స్కాలర్ నస్రీన్, గుంటూరమ్మాయి, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. డబ్బా నిండుగా తిరిగెళ్తే సార్ చిన్నబుచ్చుకుంటారని, పచ్చడంతా దొరికిన పాత సీసాల్లో ఒంపేసి డబ్బా కడిగి నాకిచ్చింది. ఒంపింది ఏ సీసాల్లోనో చూసుకోలేదు. పండగ, ఆ వెంటనే శని ఆదివారాలు కలిసొచ్చి ల్యాబ్ మూతబడింది.

తెరిచిన రోజు మధ్యాహ్నం నస్రీన్ నా గది గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మేడం, ఒకసారి మైక్రోస్కోపు దగ్గరికొస్తారా?"

"ఏమైందమ్మా?"

"నేనేమీ చెప్పను మేడం. మీరే చూడండి."

ఏం చూశానో చెప్పాలంటే ముందు ఒక ముక్క చెప్పాలి. ఈగ ఇంకా పురుగుగా ఉన్నప్పుడు దాని మెదడులో తల్లికణాలుంటాయి. తల్లికణం రెండుగా చీలుతుంది. ఒకటి తల్లిగానే ఉండిపోతుంది, రెండోది నరాల కణం అవుతుంది. మళ్ళీ చీలుతుంది, మళ్ళీ ఒక బిడ్డ. ఏ కాన్పులో పుట్టిన బిడ్డ పని దానిది. తొలిచూలు బిడ్డలు చేసే పని మలిచూలువి చేయవు. వరస ముందుకే గానీ వెనక్కి పోదు. పురుగు గూడు కట్టుకుని ఈగగా మారే వేళకు తల్లి పని అయిపోతుంది, ఆఖరిసారి చీలి మాయమైపోతుంది. ఎవరు ఎప్పుడు పుట్టారో తెలియడానికి తొలిచూలు బిడ్డలు ఆకుపచ్చగా, తరవాతివి ఎర్రగా మెరిసే ఈగల్ని మేము తయారుచేసుకున్నాం. నస్రీన్ పచ్చడి ఒంపింది ఆ ఈగలున్న సీసాల్లో.

కన్ను పెట్టి చూశాను. ముదురు పురుగు మెదడు. ఎర్రటి బిడ్డల గుంపు, వాటి పైన తల్లి. ఆ తల్లిని ఆనుకుని, అప్పుడే పుట్టిన ఆకుపచ్చ చుక్క.

"సీసా మారి ఉంటుంది" అన్నాను.

"మార్లేదు మేడం. పొద్దుట్నుంచీ కోస్తానే ఉన్నా, అన్నిట్లో ఇంతే."

"ఇంతమంది బిడ్డల్ని కన్నాక మళ్ళీ తొలిచూలా?"

"అదే కదా మేడం." కాసేపు గోళ్ళు చూసుకుంది. "ఇయ్యి ఉగాది సీసాలు. సార్ పచ్చడి మిగిలిపోతే నేనే పోశాను. తిట్టొద్దు మేడం."

ముడుచుకుపోవాల్సిన తల్లి, గడియారం వెనక్కి తిప్పినట్టు మళ్ళీ మొదటినుంచి కంటోంది. అలాంటిది లోకంలో ఎవరూ చూడలేదు. నస్రీన్‌ను కావలించుకుని కుర్చీలో కూలబడ్డాను.

మళ్ళీ చేసి చూపించాలి కదా. వేప్పువ్వు తెచ్చి కొలిచి వేశాం, పురుగులు చచ్చాయి. తగ్గించి వేశాం, బతికాయి గానీ ఆకుపచ్చ రాలేదు. చింతపండు, మామిడి, బెల్లం అన్నీ కలిపి తాజా పచ్చడి వేశాం, రాలేదు. నెలల తరబడి అదే తంతు. పక్క ల్యాబ్ వాళ్ళు "మేడం గారి పచ్చడి ఎంతవరకొచ్చింది?" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆ కోపంతోనే ఒకరోజు జావ కాస్తూ ఈస్టు వేయబోయి చెయ్యి ఆపాను.

"నస్రీన్, ఆ సీసాలు సెలవులయ్యాక తెరిచినప్పుడు ఎలా ఉన్నాయి?"

"నురగ పట్టి ఉన్నాయి మేడం. కల్లు వాసనొచ్చింది."

అక్కడుంది తాళం చెవి. మేము అన్నీ తాజాగా వేస్తున్నాం. ఆ సీసాల్లో ఈస్టు సెలవులన్నాళ్ళూ కూర్చుని వేప్పువ్వు చేదును పులియబెట్టి ఇంకోటి చేసింది. ఆ సారి పచ్చడి వేసి, తాళం వేసి, నాలుగు రోజులు అటు తొంగి చూడలేదు. తిరిగొచ్చి చూస్తే వరసపెట్టి ఆకుపచ్చ చుక్కలు. నస్రీన్ ల్యాబ్‌లోనే గంతులేసింది. యాభై దాటిన నేను కూడా వేశానని ఎవరైనా చెబితే నమ్మండి.

ఆ పదార్థాన్ని విడదీసి శుభ్రం చేశాక కెమిస్ట్రీ వాళ్ళు దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు. మేము మాత్రం ఉగాది అనే పిలిచాం.

*

మనిషి మెదడులో ఇలాంటి తల్లికణాలు బిడ్డ కడుపులో ఉండగానే దాదాపుగా పని ముగించుకుంటాయి. ఒక్క ముక్కులో మాత్రం అలా కాదు. ముక్కు పైకప్పులో వాటి జాతివే ఉండి, బతికున్నంతకాలం వాసన పట్టే నరాలను కొత్తగా కంటూ ఉంటాయి. మా ఆయన ముక్కులో ఆ తల్లులు జ్వరం దెబ్బకు కాడి పడేశాయి. వాటిని లేపగలిగేది ఏదైనా ఉంటే అది ఉగాదే అని నాకు మొదటి రోజే తట్టింది. ఆ మాట ఆయనతో అనడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఆశపెట్టి ఊరించడం నావల్ల కాలేదు. ఎలకల మీద పని చేసింది, పెద్ద జంతువుల మీద పని చేసింది, అనుమతులు వచ్చాయి. ఆ కాలమంతా చెప్పుకొస్తే మీరు చదవడం మానేస్తారు.

మనుషుల మీద పరీక్ష చెవి ముక్కు గొంతు డాక్టరు ఇమ్మానుయేలు గారి చేతుల మీద జరిగింది. నేను దాని దరిదాపులకు వెళ్ళకూడదు. నా మొగుడి ముక్కులో నా మందు నేనే వేస్తే దాన్ని ప్రయోగమనరు, సొంత వైద్యమంటారు. అందరితో పాటు ఆయనా వరసలో నిలబడ్డారు. డాక్టరు గారు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"మీకిప్పుడు తెలిసే వాసన ఏదైనా ఉందా సార్?"

"ఒక్కటుందండి. మా నాన్నగారి ముక్కుపొడి."

"అది పోతుంది సార్. కొత్త కణాలు వచ్చేటప్పుడు మిగిలిన పాతవాటిని తోసేస్తాయి. ఎలకల్లో అలాగే జరిగింది. కొత్తవి వస్తాయని నేను మాటివ్వలేను. వచ్చినా పాత జ్ఞాపకాలతో వెళ్ళి కలుస్తాయో లేదో ఎవరికీ తెలియదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

ఇంటికొచ్చాక నేనే రెచ్చిపోయాను. "వద్దు లెండి. ఉన్న ఒక్కటీ పోగొట్టుకుని ఏం బావుకుంటారు? ఎలకలు చెప్పాయా ఏమైనా, మాకు మా నాన్న గుర్తొస్తున్నాడని?" అన్నాను. అంతకాలం నేను కన్న కల అది. నేనే కాలదన్నాను, భయమేసింది మరి.

ఆయన డబ్బా మూత తీసి చాలాసేపు పీల్చారు. కళ్ళు మూసుకునే ఉన్నారు.

"నాన్న నాకిచ్చింది ముక్కుపొడి కాదే, గరిటె. అది మేకుకి తగిలించి ఇది పట్టుక్కూచుంటే ఆయన ఊరుకుంటాడా?"

మూత బిగించి నా చేతిలో పెట్టారు. "నీ బీరువాలో దాచు" అన్నారు. నేను బీరువా తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

*

ముక్కులో మందు చుక్కలు వేయడం మొదలయ్యాక ముక్కుపొడి వాసన నిజంగానే పోయింది. ఆ తరవాత ఏమీ రాలేదు. పొద్దున కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకునేవారు, నేను ఆయన ముఖం వైపు చూసేదాన్ని, ఆయన తల అడ్డంగా ఊపేవారు. అవతల ల్యాబ్‌కు దండలు వస్తున్నాయి, శాలువాలు వస్తున్నాయి. పత్రికల వాళ్ళు వచ్చి ఈగల సీసాలకు ఫొటోలు తీసుకుపోతున్నారు. శాలువా మడిచి ఇంటికి తీసుకెళ్ళాలంటే సిగ్గేసేది. ఈగ మెదడులో గెలిచి ఇంట్లో ఓడిపోయానా అని కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు విసురుగా కింద పెట్టారు.

"ఇదేవిటే, కిరసనాయిలు కంపు."

నేను పరుగెత్తుకెళ్ళాను. మల్లెపూలు పెట్టాను, కిరసనాయిలే అన్నారు. సబ్బు పెట్టాను, కిరసనాయిలు. "నువ్వూ అంతే, దూరంగా నుంచో" అన్నారు. నాకు ఒళ్ళంతా పులకరించింది. కొత్త ఇంటికి వైర్లు తప్పుగా కలిపితే స్విచ్చు వేసిన చోట కాక ఇంకోచోట లైటు వెలుగుతుంది. వెలగనివ్వండి, కరెంటొచ్చిందిగా. మొగుడు దూరంగా నుంచోమన్నందుకు సంబరపడిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నెమ్మదిగా వాసనలు విడిపడ్డాయి. ఒక కష్టమొచ్చింది. వాసన వస్తోంది గానీ దాని పేరు రావడం లేదు. మల్లెపూలు చూపకుండా ముక్కు దగ్గర పెడితే, "బాగుందే, ఏవిటిది?" అనేవారు. డాక్టరు గారు చెప్పిందే జరిగింది. అందుకని వెనకటిలా మళ్ళీ తువ్వాలు కట్టాను. ఇది ఇంగువ, ఇది మెంతులు, ఇది కాగిన నెయ్యి అని వంట రాని నేను వంట మాస్టారికి ఓనమాలు దిద్దించాను. బుద్ధిగా నేర్చుకునేవారు. పొరపాటు చెబితే నేను మొట్టికాయ వేసేదాన్ని, తువ్వాలు కింద నవ్వేవారు.

అన్నీ కొంచెం కొంచెం వచ్చాక తనే బీరువాలోంచి ఇత్తడి డబ్బా తీయమన్నారు. మూత తీసి పీల్చారు.

"పొగాకు" అన్నారు.

"మామగారు?"

"లేరే."

డబ్బా బల్ల మీద పెట్టేశారు. చెల్లించుకున్న మూల్యం అది. డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి ఎవరినీ అనడానికి లేదు, చెప్పినంత మాత్రాన బాధ తగ్గిందీ లేదు.

మిగిలిన పాఠం ఒక్కటే, మాడు వాసన. ఆ రోజు గుప్పెడన్నం మూకుట్లో వేసి పొయ్యి మీద పెట్టబోయాను. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అన్నాన్ని కావాలని మాడుస్తావుటే?"

"పాఠమండీ."

"ఆ పాఠం లేకపోతే లేదు. నా ఇంట్లో ఆ పని జరగడానికి వీల్లేదు."

"మరి పొయ్యి దగ్గరకెలా వెళ్తారు?"

"వెళ్ళనే" అన్నారు, కోపంగా కాదు. "ఇవన్నీ నువ్వు చెబితే తెలిసిన వాసనలు. అంతమంది అన్నం ముందు నువ్వు పక్కన నుంచుని పేర్లు చెబుతావా? నాకై నాకు తెలియాలి. తెలియనివాడు గరిటె పట్టకూడదు."

తువ్వాలు అలాగే మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

*

ఉగాది మళ్ళీ వచ్చింది. పండగ పూట కూడా ఈగలకు మేత పోయాలి కదా, పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్ళి గ్యాస్ పొయ్యి మీద జావ పెట్టాను. నస్రీన్ ఇప్పుడు డాక్టర్ నస్రీన్, నా పక్క గదిలో తన సొంత ఈగలు తనకున్నాయి. నీళ్ళు మరిగి, పిండి పడి, బెల్లం కరుగుతుండగా ఇమ్మానుయేలు గారు ఫోను చేశారు. తుని నుంచి వచ్చిన పేషెంటు ఒకావిడ, మనవరాలు పుట్టినప్పటినుంచి ఆ పిల్ల వాసన ఎరగదట, నిన్న పిల్లను ఎత్తుకుని తల వాసన చూసి వదలడం లేదట. నేను కిటికీ దగ్గర నిలబడి, సముద్రం వైపు చూస్తూ, ఆవిడ ఏమంది, పిల్ల ఏమంది అని ఒక్కొక్కటే అడిగి వింటున్నాను.

పచ్చడి డబ్బా పట్టుకుని ఆయన మెట్లెక్కి వచ్చారు. గుమ్మంలో ఆగారు.

"త్రిపురా, అడుగంటుతోంది."

"ఆఁ, చూస్తాన్లెండి" అన్నాను. ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళు అనే మాటే. ఫోను చెవి దగ్గరే ఉంది. అప్పుడు తెలిసింది నేను ఏం విన్నానో. వెనక్కి తిరిగాను.

"ఏమన్నారు?"

"అడుగంటుతోందంటున్నాను, వినపడట్లేదా? బెల్లం మాడుతోంది. ముందు పొయ్యి ఆపు."

గుమ్మం నుంచి పొయ్యి కనబడదు. మధ్యలో సీసాల బీరువా అడ్డం.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? మాడుతుంటే తెలీదూ" అని, అక్కడితో ఆగిపోయారు. ఆయన ముఖంలో విసుగు అలాగే ఉంది, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. "త్రిపురా, ఇది నువ్వు నేర్పలేదు కదూ?"

"లేదండీ. మీరు నేర్పనివ్వలేదు."

ఆయన బీరువా దాటి పొయ్యి దగ్గరకొచ్చి గిన్నె మీదికి వంగారు. నాకు తెలిసి లోకంలో మాడు వాసనను అంత ప్రేమగా ఎవరూ పీల్చి ఉండరు.

"మొదటిసారి నాన్న నన్ను పాకం దగ్గర కూచోబెట్టాడు. అరిసెల పాకం. ఆటలో పడి మాడ్చాను. వెనకనుంచి వచ్చి నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేశాడే" అన్నారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇదే వాసన. ఇక్కడున్నాడే నాన్న. ముక్కుపొడిలో లేడు, ఇక్కడున్నాడు."

కొత్తగా పుట్టిన కణాలు ఎవరూ చూపించకుండానే పాత ఇంటికి దారి కనుక్కున్నాయి. నా చదువంతా, నా శాలువాలన్నీ ఆ ఒక్క మాడుగిన్నె ముందు దిగదుడుపు. ఫోనులో ఇమ్మానుయేలు గారు "మేడం, మేడం" అంటున్నారు. "తెలిసిందండీ, మా ఆయనకు తెలిసింది" అన్నాను. అటువైపు ఏమన్నారో వినలేదు.

"పొయ్యి ఆపవే ముందు."

"ఆపను. ఇంకోసారి చెప్పండి."

"అడుగంటింది. పూర్తిగా మాడింది. చాలా?" అని తనే చెయ్యి చాచి ఆపారు. గిన్నెలోకి చూసి తల కొట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదేనా ఆ నోరులేని జీవాలకి పెడుతున్నావు? గిన్నె కడుగు. కొత్త బెల్లం తియ్యి."

"ఇవాళ్టికి వదిలేద్దాం లెండి. పండగ కదా."

"పండగ పూట వాటిని పస్తుంచుతావా?"

మేకుకు వేలాడుతున్న నా ల్యాబ్ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. నా చేతిలోంచి గరిటె తీసుకున్నారు. భీమిలి పెళ్ళి తరవాత ఆ చెయ్యి గరిటె పట్టడం అదే మొదలు. నీళ్ళు మరిగించారు, పిండి ఉండకట్టకుండా జారవిడిచారు, బెల్లం వేసి మంట తగ్గించారు. ఆవిరి మీదికి ముఖం వంచి ఒకసారి పీల్చి, ఇంకో చిన్న ముక్క బెల్లం వేశారు. నేను అటు అప్పలనాయుడికి ఫోను కలిపి, మాస్టారు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటున్నారని చెప్పాను.

"ఎవరే ఫోన్లో?" అన్నారాయన గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"మీ కుడిభుజం."

"వాణ్ణి రేపు పొద్దున్నే రమ్మను."

ఆ ఉగాదికి నా ఈగలు మొదటిసారి మంచి వంట తిన్నాయి.